ఎపిసోడ్ 41: మాయాతో ఓ ఆట

కిరణ్: నమస్కారం. ఈసారి మనిషిలా ఆడే చెస్ ప్రోగ్రాములు. శాంతి అప్పుడే నవ్వుతోంది.

శాంతి: చెస్ గడియారం ఊసెత్తకుండా ఎంతసేపుంటావో అని!

కిరణ్: ఎత్తను. మాయా 2020లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, కార్నెల్, టొరంటో యూనివర్సిటీల వాళ్ళు కలిసి చేశారు. లైచెస్‌ అనే చెస్ సైట్‌లో మనలాంటివాళ్ళు ఆడిన ఆటలు లక్షలకొద్దీ నేర్పించి, 1100 నుంచి 1900 రేటింగ్ దాకా, అంటే ఒక్కో ఆట స్థాయికి ఒకటి చొప్పున, తొమ్మిది మాయాలు తయారుచేశారు. అది గొప్ప ఎత్తు వెతకదు. ఆ రేటింగ్ వాడు ఏం వేస్తాడో ఊహిస్తుంది. సగానికి పైగా కరెక్టే.

శాంతి: అయిపోయిందా టాపిక్?

కిరణ్: అయిపోయింది. ఇప్పుడు...

శాంతి: గడియారం.

కిరణ్: మరి! పది సెకన్లు మిగిలితే చెమటలు పట్టనిది మనిషెలా అవుతుంది?

శాంతి: తప్పు ఎక్కడ చేస్తుందన్నదే అసలు సంగతి. స్టాక్‌ఫిష్‌ అనే బలమైన చెస్ ప్రోగ్రాముని తక్కువ లెవెల్లో పెట్టి ఆడావా? ఇరవై ఎత్తులు మహానుభావుడిలా ఆడి, ఇరవై ఒకటోదానికి మంత్రిని ఊరికే చేతిలో పెట్టేస్తుంది. గెలిచినా ఒళ్ళు మండుతుంది.

కిరణ్: మాయా పెట్టదా?

శాంతి: పెడుతుంది, కానీ కారణం ఉంటుంది. మొన్న నా రాజు మీదికి దాడి కట్టుకుంటూ, నా బిషప్ ఐమూలగా వెనక్కొచ్చి దాని ఏనుగుని కొట్టేస్తుందని చూసుకోలేదు. వెనక్కొచ్చే ఎత్తు ఎవరి కంటికి ఆనుతుంది? నేనూ అక్కడే పోగొట్టుకుంటాను. జాలేసింది.

కిరణ్: జాలేసి వదిలేశావా?

శాంతి: ఏనుగు తీసుకున్నాను.

కిరణ్: అందుకే కార్నెగీ మెలన్ వాళ్ళ అల్లీ నయం. ఎంతసేపు ఆలోచించాలో, ఎప్పుడు ఓటమి ఒప్పుకోవాలో కూడా మనుషుల ఆటల నుంచే నేర్చుకుంది.

శాంతి: మళ్ళీ గడియారమే!

కిరణ్: సరే, ఇది విను. మాయా వాళ్ళే ఇంకో పని చేశారు. ఒకరి ఆటలు 100 చూపిస్తే, వేలమందిలో అతనెవరో 98 శాతం గుర్తుపట్టేసింది. ఆట తీరు సంతకం లాంటిదన్నమాట.

శాంతి: ఆగాగు. ఆదివారం నన్ను మూడు ఆటల్లో ఓడించిన ఆ కొత్త ఖాతా... ఆరో ఎత్తుకే చివర్న ఉండే హెచ్ బంటు తోసేశాడు.

కిరణ్: తోసేవాళ్ళు బోలెడుమంది.

శాంతి: గెలిచే ఆటలో కూడా ఐదు సెకన్లు మిగిలేదాకా బిగుసుక్కూర్చున్నాడు. ఆట అయ్యాక అచ్చం నీలాగే "పాపం పిల్లి" అని రాశాడు.

కిరణ్: (దగ్గు) మాయా-2 సంగతి మర్చిపోయాం. 2024లో వచ్చింది, అన్ని రేటింగ్‌లకీ ఒకే మోడల్...

శాంతి: కిరణ్. మూడు ఆటలూ నువ్వేనా?

కిరణ్: రెండే. మూడోది ఎవరో ఒట్టు, నాకూ తెలీదు.

శాంతి: రికార్డింగ్ ఆపు.