ఐఆర్ఏ పరిమితి మనిషికి, ఖాతాకు కాదు

అందరికీ నమస్కారం. అమెరికాలో ట్యాక్స్ రిటర్నులు వేసే రోజులు కాబట్టి, ఐఆర్ఏలో, అంటే రిటైర్‌మెంటు కోసం ఎవరి పేరున వాళ్లు తెరుచుకునే పొదుపు ఖాతాలో, ఏడాదికి ఎంత వేయొచ్చన్న విషయం ఒక్కటే ఈ పూట మాట్లాడతాను.

2025 సంవత్సరానికి పరిమితి 7,000 డాలర్లు. 50 ఏళ్లు నిండినవాళ్లకు ఇంకో వెయ్యి. 2026కి 7,500 చేశారు, 50 నిండితే 8,600. ఇది మనిషికి పెట్టిన పరిమితి. ఐఆర్ఏ రెండు రకాలు: పన్ను ముందే కట్టేసిన డబ్బు వేసేది రోత్, పన్ను తీసుకునేటప్పుడు కట్టేది ట్రెడిషనల్. ఒక కంపెనీలో రోత్, ఇంకో కంపెనీలో ట్రెడిషనల్ తెరిచి రెండింట్లోనూ ఏడేసి వేలు వేస్తే చెల్లదు, రెండూ కలిపే ఏడు వేలు. ఆఫీసు ద్వారా జీతంలోంచి దాచుకునే 401కే లెక్క వేరు.

రోత్‌కు ఆదాయ పరిమితి కూడా ఉంది. పెళ్లికానివారికి 2025లో 1,50,000 డాలర్లు దాటితే వేయగలిగింది తగ్గుతూ వచ్చి, 1,65,000 దగ్గర సున్నా అవుతుంది. జనవరిలోనే 7,000 వేసేసి, డిసెంబరు బోనస్‌తో 1,65,000 దాటినవాళ్లు వెంటనే సరిదిద్దుకోవాలి. రిటర్ను గడువులోపు లాభంతో సహా వెనక్కి తీసుకోవచ్చు, లేదా ట్రెడిషనల్‌కు మార్పించుకోవచ్చు. పట్టించుకోకపోతే 6 శాతం, అంటే 420 డాలర్లు, ఆ డబ్బు అందులో ఉన్నన్నేళ్లూ ఏటా కట్టాలి.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఉద్యోగ వీసా మీదున్న భర్త వెంట హెచ్-4 వీసా మీద వచ్చి ఇంట్లో ఉంటున్న ఆడవాళ్ల గురించి. ఇండియాలో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చినవాళ్లు మనలో ఎంతోమంది. ఐఆర్ఏలో వేయాలంటే పనిచేసి సంపాదించిన డబ్బు ఉండాలి. హైదరాబాదు ఫ్లాటు అద్దె, ఎఫ్‌డీ వడ్డీ ఇందుకు పనికిరావు. దాంతో తమకు ఈ దారి లేదనుకుంటారు. ఉందమ్మా. భార్యాభర్తలు కలిపి రిటర్ను వేస్తే, భర్త జీతం చూపించి భార్య పేరున విడిగా ఐఆర్ఏ తెరవొచ్చు. ఇద్దరివీ కలిపి 2025కి 14,000 వేయొచ్చు, జీతం అంతకు తగ్గకుండా ఉంటే చాలు. రోత్ అయితే ఇద్దరి ఆదాయం 2,36,000 దాటాక తగ్గుతుంది. ఆ ఖాతా పూర్తిగా ఆమెదే, ఉమ్మడి ఖాతా కాదు. ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచిన మనిషికి తన పేరున ఒక పొదుపు ఉండటం న్యాయం అని నా గట్టి నమ్మకం. మగవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేక ఐటిన్ (అది లేనివారికి పన్నుల శాఖ ఇచ్చే నంబరు) మాత్రమే ఉంటే, ఖాతా తెరుస్తారో లేదో కంపెనీని ముందే కనుక్కోండి.

2025 లెక్కలో వేయడానికి గడువు 2026 ఏప్రిల్ 15. రిటర్నుకు పొడిగింపు తీసుకున్నా ఈ గడువు పెరగదు. డబ్బు పంపేటప్పుడు ఏ సంవత్సరానికో తప్పకుండా ఎంచుకోండి, లేకపోతే 2026 కింద రాసేసుకుంటారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.