జీవితం మీద బోర్డ్ గేమ్: పెద్దాయన కార్డు

జీవితం మీద బోర్డ్ గేమ్ తయారు చేస్తున్నానని ఎవరికి చెప్పినా ఒకటే మాట: "ఓ, వైకుంఠపాళి లాంటిదా?" కాదండీ! విన్నప్పుడల్లా చిరాకేస్తుంది.

వైకుంఠపాళిలో మనం ఎంచుకునేది ఏముంది? పందెం ఎంత పడితే అంత. 1860లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ జీవితం మీద ఒక ఆట తెచ్చాడు. పాచికలంటే జూదమనుకునే రోజులు కాబట్టి అంకెలు వేసిన బొంగరం పెట్టాడు. ఎటు జరగాలో కొంత ఆటగాడికే వదిలాడు, అది నాకు భలే నచ్చింది. కానీ సుఖమైన ముసలితనం గడికి 50 పాయింట్లు, 100 తెచ్చుకుంటే గెలుపు. 1960లో బ్రాడ్లీ కంపెనీ తెచ్చిన ఆటలో గెలుపంటే డబ్బే.

వీటిలో ఎక్కడికి చేరాలో బోర్డే చెప్పేస్తుంది. చేరతామా లేదా అన్నదే టెన్షన్. మరి "అసలు నాకేం కావాలి?" అన్న టెన్షన్‌లో? చేరాల్సిన చోటే తెలీదు.

సింహాచలంలో బంధువుల పెళ్లి అనుకోండి. బంతిలో పక్కన కూర్చున్న పెద్దాయన అడుగుతాడు: "ఏం చేస్తున్నావు బాబూ?" నోట్లో పులిహోర ముద్ద. అది మింగేలోపు మనసులో నాలుగు జవాబులు తిరుగుతాయి. ఆ కాసేపే నా ఆట.

(బోర్డు దగ్గరగా చూపించాలి)

విశాఖలోని మద్దిలపాలెం జంక్షన్ నుంచి నాలుగు దార్లు. పూర్ణా మార్కెట్లో నాన్న కొట్టు, రుషికొండలో సాఫ్ట్‌వేర్, గవర్నమెంట్ ఉద్యోగానికి కోచింగ్, నాటకాలు. తలా పది గవ్వలు. అడుగుకో గవ్వ ఖర్చు. దారి మారితే పెట్టినవి తిరిగి రావు. ఇంకా తలా ఒక ఖాళీ చీటీ. ఏం కావాలో ఎవరికి వాళ్లే రాసి దాచుకోవాలి.

ఇక పెద్దాయన కార్డు. అది వస్తే పది సెకన్లలో "నేను ఫలానా" అని చెప్పాలి. మిగతావాళ్లు నమ్మితే రెండు గవ్వలు. చీటీలో నాటకాలని ఉన్నా సరే, "కోచింగ్‌కి వెళ్తున్నానండీ" అంటే అందరూ నమ్మేస్తారు. పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు జవాబు మార్చారో, "మొన్న ఇంకోటన్నావుగా?" అని పట్టుకుంటారు. రెండు గవ్వలు పోయినట్టే. దాంతో మొదటిసారి నోటికొచ్చిన మాటే ఆటంతా మోయాల్సి వస్తుంది. పెళ్లిళ్లలో జరిగేదీ అదే కదా!

సైకాలజిస్ట్ జేమ్స్ మార్షియా 1966లో ఈ "నేను ఫలానా" అన్నదాన్ని బాగా విడదీశాడు. అన్నీ చూసి తేల్చుకున్నవాళ్లు వేరు, ఏదీ చూడకుండానే ఖాయం చేసుకున్నవాళ్లు వేరు. పెద్దాయనకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇంకా వెతుకుతున్నవాళ్లు, ఆ ఊసే పట్టనివాళ్లు కూడా ఆయన లెక్కలో ఒకటే: "ఖాళీగా ఉన్నాడు." ఇది నాకు అన్యాయం అనిపిస్తుంది. నా బోర్డు మీద కూడా, మొదటి నుంచీ కొట్టు దారిలోనే నడిచినవాళ్లకి గవ్వలు మిగులుతాయి. అందుకే గవ్వలు లెక్కపెట్టి గెలుపు తేల్చను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. చీటీ మధ్యలో ఒకసారి తిరగరాయొచ్చు. ఒక గడిలో ఊరికే ఆగొచ్చు, జరిమానా లేదు. చివర్లో ఒక్కొక్కరి చీటీలో ఏముందో మిగతావాళ్లు ఊహించి చెప్పాకే తెరవాలి. గవ్వలు లేకపోతే చింతపిక్కలు చాలు. ఆడేది మాత్రం నలుగురుండాలి. ముగ్గురైతే ఒకరు నమ్మి ఒకరు నమ్మకపోతే ఎటూ తేలదు.