జాతీయ పోటీకి మన పెద్ద ఆటగాళ్లు రావాలి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న క్రీడాకారులకు, వాళ్లను తెల్లవారుజామునే లేపి కోర్టుకు తీసుకొచ్చే తల్లిదండ్రులకు నమస్కారం. జాతీయ బ్యాడ్మింటన్ పోటీల చరిత్ర చెప్పమన్నారు. సంతోషంగా చెబుతాను. కానీ విజేతల పట్టిక చదివి కూర్చోలేను. మన పెద్ద ఆటగాళ్లు ఈ పోటీకి రావడం తగ్గించేశారు. ఆ బాధ చెప్పుకోవడానికే వచ్చాను.

భారత బ్యాడ్మింటన్ సంఘం 1934లో ఏర్పడింది. జాతీయ పోటీలూ ఆ కాలం నాటివే. 1940లలో మహిళల ఆటను ఏలింది దేవధర్ అక్కచెల్లెళ్లు. క్రికెటర్ డి.బి. దేవధర్ కుమార్తెలు తార, సుందర్, సుమన్. తరువాత నందు నాటేకర్ ఆరుసార్లు సింగిల్స్ గెలిచారు. 1956లో మలయాలో, అంటే నేటి మలేసియాలో, టైటిల్ సాధించి, విదేశీ గడ్డ మీద నెగ్గిన తొలి భారతీయుడయ్యారు. మీనా షా వరుసగా ఏడేళ్లు మహిళల కిరీటం వదల్లేదు.

ఇక ప్రకాశ్ పదుకొణె. 16 ఏళ్ల వయసులో సీనియర్ టైటిల్ గెలిచి, మొత్తం వరుసగా తొమ్మిదిసార్లు విజేతగా నిలిచారు. 1980 మార్చిలో, ప్రపంచ బ్యాడ్మింటన్‌లో ఎంతో పేరున్న ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచారు. ప్రపంచమంతా ఆయన పేరే చెప్పుకుంటున్న ఆ ఏడాదే జాతీయ పోటీలో ఓడిపోయారు. ఓడించింది ఇరవయ్యేళ్లు నిండని సయ్యద్ మోదీ. పిల్లలూ, ఈ మాట శ్రద్ధగా వినండి. ఆల్ ఇంగ్లండ్ విజేత సొంత దేశంలో ఆడటానికి వచ్చాడు కాబట్టే ఒక కుర్రవాడికి తన బలం ఎంతో తెలిసింది. ప్రకాశ్ రాకపోయి ఉంటే మోదీ గెలిచినా అది ఖాళీ సింహాసనం ఎక్కినట్టే ఉండేది. మోదీ ఎనిమిదేళ్లు వరుసగా గెలిచాడు. 1988 జులైలో లక్నోలో హత్యకు గురయ్యాడు. ఇంకా ఎంత ఆడేవాడో!

మన గోపీచంద్ సంగతి మీకు తెలిసిందే. 1994లో మోకాలు దెబ్బతింది. మళ్లీ లేచి 1996 నుంచి ఐదేళ్లు వరుసగా జాతీయ విజేత అయ్యాడు. ఆ తరువాతే 2001 ఆల్ ఇంగ్లండ్. ఆ మోకాలిని పరీక్షించుకున్నది ఇక్కడ, మన వాళ్ల మధ్యనే. అపర్ణా పోపట్ కూడా ప్రకాశ్‌లాగే తొమ్మిది వరుస టైటిళ్లు గెలిచింది. ఆ పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, ఎన్ని తక్కువ చేతులో!

2017 నవంబరులో నాగ్‌పుర్‌లో జరిగిన ఫైనల్స్ గురించి చెప్పకుండా ఉండలేను. మహిళల ఫైనల్లో సైనా, సింధు. ఒలింపిక్ పతకాలు గెలిచిన ఇద్దరూ ఒకే నెట్‌కు అటూ ఇటూ. సైనా 21-17, 27-25తో గెలిచింది. ఆ రెండో గేము స్కోరు మళ్లీ చెబుతాను, 27-25! పురుషుల ఫైనల్లో హెచ్.ఎస్. ప్రణయ్, కిడాంబి శ్రీకాంత్‌ను ఓడించాడు. ఆ ఏడాది సూపర్ సిరీస్ అనే అగ్రశ్రేణి అంతర్జాతీయ టోర్నీల్లో నాలుగు టైటిళ్లు గెలిచిన శ్రీకాంత్‌ను! పెద్ద ఆటగాళ్లను తొలి రౌండ్లు లేకుండా నేరుగా ప్రీక్వార్టర్స్ నుంచి, అంటే చివరి పదహారు మంది దశ నుంచి, ఆడించారు. కొందరు అది అన్యాయమన్నారు. నాకు మాత్రం అది మంచి ఉపాయమే అనిపించింది. వాళ్లు రావడం ముఖ్యం.

నిర్వాహకులకూ ఒక మాట చెప్పాలి. 2019లో గువాహటిలో కోర్టు ఎగుడుదిగుడుగా ఉందని సైనా దాని మీద ఆడనంది. నేను ఆమె పక్షమే. మోకాళ్లే పెట్టుబడిగా బతికే మనిషిని అలాంటి చెక్క మీద గెంతమంటామా? స్టార్లు రావడం లేదని తిట్టే ముందు వాళ్లకు సరైన కోర్టు ఇద్దాం. ఆ తరువాత ఆమే ఫైనల్లో సింధును ఓడించి టైటిల్ నిలబెట్టుకుంది.

2023 డిసెంబరులో అదే గువాహటిలో అన్మోల్ ఖర్బ్ అనే టీనేజీ అమ్మాయి జాతీయ విజేత అయింది. రెండు నెలలు తిరగకుండానే ఆసియా టీమ్ ఛాంపియన్‌షిప్‌లో థాయ్‌లాండ్‌తో ఫైనల్ 2-2తో సమంగా ఉన్నప్పుడు, చివరి మ్యాచ్ గెలిచి దేశానికి స్వర్ణం తెచ్చింది. అలాంటి పిల్లలు ఇంకా ఎందరో ఉన్నారు. సింధు, శ్రీకాంత్, లక్ష్య సేన్ ఏడాదికి ఒక్క వారం ఎదురుగా నిలబడితే వాళ్లు ఎంత నేర్చుకుంటారు! అంతర్జాతీయ టోర్నీలు ఎదురురాని వారాన్ని సంఘం ముందుగానే ప్రకటించాలి. దయచేసి ఈ వినతిని పై వరకూ తీసుకెళ్లండి.

సమయం మించిపోయింది, తెలుసు. డబుల్స్ గురించి చెప్పకుండా దిగితే నాకు నిద్ర పట్టదు. గుత్తా జ్వాలకు 14 జాతీయ టైటిళ్లు. మన గోడల మీది బోర్డుల్లో సింగిల్స్ పేర్లే ఉంటాయి, ఆమె ఉండదు. ఇక బహుమతులు మొదలుపెట్టండి. ఈసారి డబుల్స్ జంటలను ముందు పిలవండి.