పైలట్ ఉద్యోగానికి ఎన్ని రేటింగులు కావాలి?

శ్రోతలకు నమస్కారం.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో పైలట్ కోర్సు మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. 2022లో జయపురం నుంచి తొమ్మిది సీట్ల చిన్న విమానం తిరగడం మొదలయ్యాక ఆ ఆశ మరికాస్త పెరిగింది. కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చి, ఎయిర్‌లైన్ పిలుపు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు కొందరు ఇన్‌స్ట్రక్టర్ రేటింగులు, అంటే కొత్తవాళ్లకు విమానం నడపడం నేర్పేందుకు లైసెన్సు మీద తీసుకునే అనుమతులు, చేద్దామనుకుంటున్నారు. గుణుపురం దగ్గర ఒక పెద్దాయన నన్ను సూటిగానే అడిగారు: "బాబూ, మావోడు ఇంకో రెండు రేటింగులు చేస్తానంటున్నాడు. మిగిలిన ఎకరం కూడా అమ్మీమంటావేటి?"

అమ్మొద్దనే చెప్పాను. ఎందుకో చెబుతాను.

ఎన్ని రేటింగులుంటే అంత మంచిదన్న సలహా ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర ఒక విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత చట్టం మారింది. 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరాలన్నా మామూలుగా 1500 గంటలు ఎగిరి ఉండాలి. లైసెన్సు మాత్రం 250 గంటలకే వచ్చేస్తుంది. మిగతా గంటలు సొంత డబ్బుతో ఎగరడం ఎవరి తరమూ కాదు కాబట్టి పాఠాలు చెబుతూ ఆ లెక్క పూర్తి చేసుకుంటారు. మామూలు ఇన్‌స్ట్రక్టర్, బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగరడం నేర్పే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్, రెండింజిన్ల విమానం ఇన్‌స్ట్రక్టర్ అని అక్కడ మూడు రేటింగులు. ఒక్కొక్కటి చేసిన కొద్దీ ఇంకో రకం విద్యార్థులు దొరుకుతారు, దాంతో గంటలూ పెరుగుతాయి. వాళ్ల అవసరానికి అది సరిగ్గా సరిపోయింది.

మన దగ్గర లెక్క వేరు. 200 గంటలకు లైసెన్సు వస్తుంది, దాదాపు ఆ 200 గంటలతోనే కో-పైలట్‌గా చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎయిర్‌లైన్లు చూసేది రాతపరీక్ష, సిమ్యులేటర్‌లో మీ చేయి, ఇంటర్వ్యూ, రెండింజిన్ల విమానం మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, చాలాసార్లు ఎయిర్‌బస్ 320 లాంటి ఒక రకం విమానం నడిపేందుకు ప్రత్యేకంగా తీసుకునే టైప్ రేటింగ్. 1500 గంటలు కావాల్సింది కెప్టెన్ కావడానికి తీసుకునే ఏటీపీఎల్ అనే పై లైసెన్సుకి. పైగా ఇక్కడ మూడు రకాల ఇన్‌స్ట్రక్టర్ రేటింగులు లేనే లేవు. ముందు అసిస్టెంట్, ఆ తర్వాత పూర్తి ఇన్‌స్ట్రక్టర్, అంతే. అసిస్టెంట్‌గా ఉన్నన్నాళ్లూ విద్యార్థిని మొదటిసారి సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, పంపే అధికారం ఉండదు. ఇక అమెరికాలో పాఠాలు చెప్పి వచ్చినవాళ్ల గంటలు లాగ్‌బుక్‌లో ఉంటాయి గానీ, ఇక్కడ పాఠం చెప్పాలంటే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే రేటింగ్ తీసుకోవాల్సిందే.

అయితే పాఠం చెప్పడం దండగ అని నేననను. నేనూ ఆ పని చేసినవాణ్ణే.

బఫెలో విమానంలో ఇద్దరు పైలట్లకూ 1500 కంటే ఎక్కువ గంటలే ఉన్నాయి. వేగం పడిపోయి, కంట్రోల్ కాలమ్ చేతిలో వణుకుతూ హెచ్చరించినప్పుడు, విమానం ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ దాన్ని వెనక్కి లాగారు. సెస్నా లాంటి చిన్న శిక్షణ విమానంలో పాఠం చెప్పేవాడికి ఇది కళ్ల ముందు జరిగే సంగతి. వేగం మరీ తగ్గిపోతోందని హెచ్చరించే స్టాల్ హారన్ కూస్తుంది. ఎడమ సీట్లో కుర్రాడు బిగుసుకుపోయి యోక్‌ను, అంటే ఆ కంట్రోల్ పిడిని, గుండెల మీదికి లాగుతాడు. కుడి సీట్లో మనం అరవకూడదు, ఠక్కున లాక్కోకూడదు, అలాగని ఆలస్యమూ చేయకూడదు. "ముక్కు దించు, పవర్ ఇవ్వు, వేగం చూడు" అని నెమ్మదిగా చెబుతూ అరచేతిని యోక్‌కు అంగుళం దూరంలో ఉంచుతాం. చేసే పనిని చేస్తూనే మాటల్లో చెప్పే ఈ పద్ధతిని ప్యాటర్ అంటారు. అవతలివాడి చేతిలో ఆ తప్పును మళ్లీ మళ్లీ చూసినవాడికి తన చేయి ఎప్పుడు తొందరపడుతుందో బాగా తెలుస్తుంది. కో-పైలట్ కూర్చునేది కూడా ఆ కుడి సీట్లోనే కదా.

ఇంకో లాభమూ ఉంది. లైసెన్సు తెచ్చుకుని ఇంట్లో ఖాళీగా ఉంటే చేయి మొద్దుబారుతుంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికోసారి రెన్యూ చేయించాలి, మెడికల్ సర్టిఫికెట్ కూడా అంతే. ఈ రెండింటిలో ఏది చెల్లకుండా పోయినా, ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన రోజు పడే టెన్షన్ ఇంతా అంతా కాదు. అందుకే చేతిలో ఉన్న డబ్బు ముందు వీటికి తీసిపెట్టండి. కోర్సుకే సుమారు అర కోటి ఖర్చు చేసిన ఇంట్లో ఇంకో అప్పు చేసేముందు టైప్ రేటింగ్ ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ పోను డబ్బు మిగిలి, నిజంగా పాఠం చెప్పాలనిపిస్తే, ఫ్లయింగ్ స్కూల్లో ఆ ఉద్యోగం ఖాయంగా ఉంటే, అసిస్టెంట్ రేటింగ్ తప్పక చేయండి. దరఖాస్తులో ఒక గీత పెరుగుతుందని మాత్రం చేయకండి.

డబ్బు కట్టకముందే స్కూలుకు స్వయంగా వెళ్లండి. వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. అక్కడి అసిస్టెంట్లు పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరారు, ఎన్ని విమానాలు రిపేరుకు ఆగి ఉన్నాయి, రేటింగ్ పూర్తయ్యాక ఉద్యోగం ఇస్తామని కాగితం మీద రాసిస్తారా అని అడగండి. జీతం నెలకా, ఎగిరిన గంటకా అన్నది కూడా తేల్చుకోండి. గంటకింత అని ఇచ్చే చోట వానాకాలంలో మబ్బు కిందికి దిగి విమానాలు ఆగిపోతే, ఆ నెలల్లో మెస్ బిల్లుకు కూడా ఇంటినుంచే డబ్బు తెప్పించుకోవాల్సి వస్తుంది.

నమస్కారం.