జీప్ హార్డ్‌టాప్‌కి ఇంట్లోనే రంగు, మిషిగన్ గరాజ్ నుంచి

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈ రోజు వ్లాగ్ మొత్తం మా గరాజ్‌లోనే. మా జీప్ రాంగ్లర్ మీదుండే నల్ల హార్డ్‌టాప్, అంటే ఊడదీయగలిగే గట్టి పైకప్పు, వెలిసిపోయి బూడిద రంగుకి వచ్చేసింది, దానికి ఇంట్లోనే రంగు వేస్తున్నాం. మేం ఉండేది డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో. ఈ బండి తయారయ్యేది ఇక్కడికి గంట దూరంలో, ఒహాయోలోని టొలీడోలో. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు విల్లీస్ జీపులు చేసిన ఊరు అదే, 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించి అమ్మింది ఆ విల్లీస్ జీపులనే. ఏజెన్సీ ఘాట్ రోడ్ల మీద, ఎలక్షన్ ప్రచారాల్లో చిన్నప్పటి నుంచి చూసిన జీపుల పుట్టిల్లు మా పక్కనే అని తెలిశాక ఈ బండంటే నాకు ఇంకాస్త ప్రేమ పెరిగింది.

ముందు ఈ టాప్ సంగతి చెప్తాను. ఇది రేకు కాదండీ. గ్లాస్ ఫైబర్ ముక్కల్ని రెసిన్‌లో కలిపి వేడి అచ్చులో నొక్కి చేస్తారు. చలికాలం అంతా బండి మీదే ఉంటుంది, ఎండలు రాగానే ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. ముందు వైపు రెండు పలకలు చేత్తోనే వచ్చేస్తాయి. వెనక పెద్ద భాగానికి మాత్రం టార్క్స్ బోల్టులు విప్పాలి, వెనక అద్దం వైపర్‌కి వెళ్లే వైరు, నీళ్ల గొట్టం కూడా తీయాలి. ఆ రెండూ తీయకుండా ఎత్తితే వైరు ప్లగ్ తెగిపోతుంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. నాలుగు డోర్ల బండిది వంద పౌండ్ల పైమాటే. బరువు కన్నా దాని సైజే ఇబ్బంది, పట్టుకోడానికి చేతికి పట్టు దొరకదు. శనివారం పొద్దున్నే ఫ్రెండ్స్ వచ్చి నాలుగు మూలలా పట్టుకుంటే దించి, పాత దుప్పట్లు చుట్టిన చెక్క స్టాండ్ల మీద పెట్టాం. మా ఆవిడ అందరికీ పెసరట్టు ఉప్మా చేసి పెట్టింది.

బాడీషాపులో అడిగితే వెయ్యి డాలర్ల పైనే చెప్పారు. సరే మనమే చేద్దాం అనుకుని మా అన్నయ్యకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. అన్నయ్యంటే మా పెదనాన్నగారబ్బాయి, విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు ఉంది. టాప్ అంతా దగ్గరగా చూపించమన్నాడు, చూసి ఒకటే మాటన్నాడు: "తమ్ముడూ, రంగు వేయడం గంట పనిరా. దానికి ముందు కడగడం, గరుకు పేపర్ కొట్టడం, అదే అసలు పని. అక్కడ తొందరపడ్డావంటే వచ్చే ఏడాదికి పొట్టు పొట్టుగా లేచిపోద్ది."

ఎందుకంటే ఇలాంటి టాప్‌లు వెలిసిపోగానే చాలామంది టైర్లకి పూసే మెరుపు నూనెల్లాంటివి పూస్తారు. వారం రోజులు నల్లగా మెరుస్తుంది. కానీ వాటిలో సిలికాన్ ఉంటుంది, అది ఆ గరుకు లోపలికి దిగి కూర్చుంటుంది, తర్వాత ఏ రంగు వేసినా అక్కడక్కడా చేపకన్నులా గుండ్రంగా విడిపోతుంది. మేం ఈ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, పాత ఓనర్ ఏం పూశాడో తెలీదు. అందుకని గిన్నెల సబ్బుతో బ్రష్ పెట్టి రుద్ది కడిగి, ఆరాక మైనం, జిడ్డు తీసే సాల్వెంట్‌తో తుడిచి, ఎర్ర స్కాచ్‌బ్రైట్ ప్యాడ్‌తో తడిపి రుద్ది, మళ్లీ కడిగాను. పొడిగా రుద్దొద్దండీ, గాజు పీచు దుమ్ము లేస్తుంది, చర్మానికి దురద, ఊపిరితిత్తులకీ మంచిది కాదు.

ఇక్కడ కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. పైనుంచి పైపుతో నీళ్లు వదిలితే ఎడమ వైపు పల్చటి పొరలాగా మొత్తం పరుచుకుని నెమ్మదిగా జారుతున్నాయి. అంటే అక్కడ శుభ్రంగా ఉంది. కుడి వైపు కిటికీ పైన మాత్రం నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోతున్నాయి, అక్కడ ఇంకా జిడ్డుంది. అక్కడ మళ్లీ సాల్వెంట్ పెట్టి, గుడ్డ మారుస్తూ తుడిచాను. ఒకే గుడ్డతో తుడిస్తే తీసిన జిడ్డునే పక్కకి పూసినట్టవుతుంది. మొత్తం మీద నీళ్లు ఒకే పొరలా నిలబడేదాకా ఆపలేదు.

ఇప్పుడు రంగు. నేను తీసుకున్నది ర్యాప్టర్ అనే బెడ్ లైనర్. పికప్ ట్రక్కుల వెనక తొట్టికి వేసే గట్టి పూత ఇది, గరుకుగా ఆరుతుంది కాబట్టి కంపెనీ నుంచి వచ్చిన గరుకుతనానికి దగ్గరగా ఉంటుంది. సీసాలో 750 మిల్లీలీటర్ల రంగు, దానికి 250 మిల్లీలీటర్ల హార్డెనర్ (రంగుని గట్టిపరిచే ద్రవం), అంటే 3కి 1. కలిపాక ఎక్కువసేపు ఉంచడానికి లేదు, సీసాలోనే చిక్కబడిపోతుంది. అందుకే ఒక్కో సీసా అయిపోయాకే ఇంకోటి కలిపాను.

దీన్ని స్ప్రే గన్నుతో కూడా కొట్టొచ్చు, ఇంకా నున్నగా, సమంగా వస్తుంది. అయినా నేను రోలర్‌తోనే వేశాను, ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. ఈ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్నుతో కొడితే అవి సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తాయి, పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు, కొంతమంది ఆ వృత్తే మానేయాల్సి వస్తుంది. పైగా ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు, అందుకే వాసన రావట్లేదు కదా అని ధైర్యపడటానికి లేదు. గన్నుతో కొట్టేవాళ్లకి బయట నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్క్ కావాలి. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో, పిల్లలున్న ఇంట్లో ఆ తుంపర లేపడం నాకిష్టం లేదు. రోలర్‌తో అంత తుంపర లేవదు. అయినా రెండు తలుపులూ తీసి, ఇంట్లోకి వెళ్లే తలుపు సందులకి టేపు వేసి, పిల్లల్ని ఫ్రెండ్స్ ఇంటికి పంపించి, గాలిని వడగట్టే డబ్బాలుండే కార్ట్రిడ్జ్ మాస్క్, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకున్నాకే సీసా మూత తీశాను. మాస్క్ కోసం గడ్డం కూడా నున్నగా తీసేశాను, వెంట్రుకలుంటే అంచుల్లోంచి గాలి దూరిపోతుంది. పెట్టుకున్నాక రెండు కార్ట్రిడ్జ్‌లనీ అరచేతులతో మూసి గాలి లోపలికి పీల్చండి, మాస్క్ ముఖానికి అతుక్కుపోవాలి. అలా అతుక్కోకపోతే పట్టీలు సరిచేసుకోవాలి.

మేం మొదలుపెట్టేసరికి జూన్ వచ్చింది, ఇక్కడ అంతకుముందు చల్లగా ఉంటుంది, రంగు సరిగ్గా ఆరదు. కానీ జూన్‌లో ఇంకో తలనొప్పి ఉంది. కాటన్‌వుడ్ చెట్ల నుంచి బూరుగు దూదిలాగా తెల్లటి పీచు ఊరంతా ఎగురుతూ ఉంటుంది, తడి రంగు మీద వాలిందంటే అంతే. గరాజ్ తలుపుకి సన్నటి దోమతెర కట్టి, దుమ్ము లేవకుండా నేల మీద నీళ్లు చల్లాం. గాలి ఆడింది, పీచు రాలేదు. ఈ దోమతెర ఐడియా మా ఆవిడదే.

మొదటి పూత పల్చగానే వేయండి, కింద బూడిద రంగు కనిపిస్తున్నా కంగారు పడొద్దు. గంట తర్వాత రెండోది అడ్డంగా. రోలర్‌ని గట్టిగా నొక్కకుండా, ఒకే వైపుకి తేలిగ్గా లాగి వదిలితే గరుకు సమంగా వస్తుంది. కిటికీ రబ్బరు చుట్టూ వేసిన టేపుని మాత్రం రంగు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి, పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచు కూడా చిరిగి వచ్చేస్తుంది. చూడండి, టేపుని వెనక్కి మడిచి, ఇలా నెమ్మదిగా. రబ్బరు పక్కన గీత ఎంత నీట్‌గా వచ్చిందో చూశారా!

పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా వదిలేసి, మళ్లీ అందరం కలిసి ఎక్కించాం. బోల్టులన్నీ ముందు చేత్తో పట్టించి, తర్వాత ఆ మూల కొంచెం ఈ మూల కొంచెం బిగించాను. వైపర్ వైరు, నీళ్ల గొట్టం పెట్టి, పైపుతో నీళ్లు కొట్టి చూస్తే లోపల ఒక్క చుక్క కూడా లేదు. మిగిలిన హార్డెనర్‌ని చెత్తలో వేయలేదు, కౌంటీ వాళ్లు ప్రమాదకరమైన చెత్త తీసుకునే రోజు ఇచ్చేద్దామని పక్కన పెట్టాను.

అన్నయ్యకి వీడియో పంపితే "బాగుందిరా, మా కుర్రాళ్ల కన్నా నీట్‌గా చేశావు" అన్నాడు. ఆ కుర్రాళ్లు ముక్కుకి జేబురుమాలు కట్టుకుని రోజంతా గన్నుతో కొడతారు. "అన్నయ్యా, ఆ రుమాలు దేన్నీ ఆపదు, షెడ్డుకి గాలి గొట్టం మాస్క్ ఒకటి పెట్టించు, సగం డబ్బులు నేనిస్తాను" అన్నాను. కంప్రెసర్ గాలిలో నూనె ఉంటుంది కదా అని అడిగాడు, నిజమే, దానికి ఫిల్టర్ వేరేగా కావాలి, నేరుగా పీల్చకూడదు. విజయవాడలో ఎవరు అమ్ముతారో కనుక్కుని రేటు పంపుతానన్నాడు. నిన్న మళ్లీ ఫోన్ చేసి గుర్తు చేశాను.