ముప్పై గీతల తేడా

(మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఒకే సంస్థలో 34 ఏళ్లు ఎలా పనిచేశారో చెప్పమని మీ అధ్యాపకులు నన్ను పిలిచారు. ఎలా అన్నదానికంటే ఎందుకు అన్నది చెప్పడం నాకు తేలిక. ఒక పంపుతో మొదలుపెడతాను.

ఉద్యోగంలో అప్పటికి నాకు మూడో ఏడు. ఆవిరి టర్బైన్‌తో నడిచే నీటి పంపు ఒకటి బిగిస్తున్నాం. రెండు షాఫ్టులూ ఒకే వరుసలో ఉండేలా చూసే బాధ్యత నాది. రెండు షాఫ్టులనూ కలిపే కప్లింగ్ మీద, సన్నటి తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి, షాఫ్టును చేత్తో తిప్పుతూ, ముల్లు నిలకడగా ఉండేదాకా పాదాల కింద షిమ్‌లు, అంటే ఎత్తు సరిచేసే పలుచటి రేకులు, మార్చాను. తెల్లవారుజామున, యంత్రం చల్లగా ఉండగా, అలైన్‌మెంట్ చక్కగా కుదిరింది. సాయంత్రానికి టర్బైన్ నిమిషానికి 3000 చుట్ల వేగం అందుకుంది. ఆ రాత్రే షాఫ్టును మోసే బేరింగ్‌లోని మెత్తటి లోహపు పూత, వైట్ మెటల్, కరిగి షాఫ్టుకు పూసుకుపోయింది.

కారణం మీరంతా చదువుకున్నదే. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పెరుగుతుంది. టర్బైన్ షాఫ్టు దాని పాదాల కంటే అర మీటరు ఎత్తున ఉంది. ఆ భాగం 50 డిగ్రీలు వేడెక్కితే షాఫ్టు 0.3 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. చల్లటి నీళ్లు తోడే పంపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. డయల్ గేజ్ మీద ఒక్కో గీత మిల్లీమీటరులో నూరోవంతు. అంటే ముప్పై గీతల తేడా. అంత వేగంగా తిరిగే యంత్రానికి పది గీతలే ఎక్కువ. వ్యాకోచం మీద ఎన్ని లెక్కలు చేసినా, ఆ సూత్రం నా చేతి కిందే పనిచేస్తోందని నాకు తట్టలేదు.

మర్నాడు మా వర్క్‌షాపులో అందరికంటే పెద్దవారైన ఫిట్టరు నా అరచేతిని టర్బైన్ పాదం మీద పెట్టించారు. ఇంకా వెచ్చగానే ఉంది. “సార్, దీనికి పొద్దున ఒక ఎత్తు, సాయంత్రం ఒక ఎత్తు. మీరు పొద్దుటి ఎత్తే చూశారు” అన్నారు. ఇద్దరం కలిసి టర్బైన్ పాదాల కింద 0.3 మిల్లీమీటర్ల మేర షిమ్‌లు తీశాం. చల్లగా ఉన్నప్పుడు తేడాగా కనిపించిన అమరిక వేడిలో సరిగ్గా కూర్చుంది. ఆయన ఒక ఇత్తడి రేకు మీద పంచ్‌తో “చల్లగా: టర్బైన్ 0.3 కిందికి” అని కొట్టి బేస్‌ప్లేటుకు బిగించారు.

నేను ఆ సంస్థలో ఉండిపోవడానికి కారణం ఆ రేకు. నా తప్పు ఒక్క రాత్రిలో బయటపడింది కాబట్టి నేర్చుకోగలిగాను. అన్ని తప్పులూ అంత త్వరగా బయటపడవు. అధిక వేడిలో పనిచేసే ఆవిరి గొట్టాలను తరచూ లక్ష గంటల లెక్కతో డిజైన్ చేస్తారు. అంటే పదకొండేళ్ల పైమాట. ఆ లెక్క వేసిన ఇంజినీరు రెండేళ్లకే వెళ్లిపోతే, అది నిలబడిందో లేదో ఆయనకు తెలిసేదెప్పుడు?

శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజినీరు కథ నాకు చాలా ఇష్టం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గ్యాస్ టర్బైన్ మీద పరిశోధన చేసి, 1903లో జనరల్ ఎలక్ట్రిక్‌లో చేరారు. ఇంధనం మరీ ఎక్కువ తాగుతోందని కొన్నేళ్లకు కంపెనీ ఆ టర్బైన్ పనిని పక్కన పెట్టింది. ఆయన అక్కడే ఉండి కంప్రెసర్ల మీద పనిచేశారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. విమానం పైకి వెళ్లేకొద్దీ పలుచటి గాలిలో ఇంజిను బలం తగ్గిపోవడం పెద్ద సమస్య అయింది. ఆయన పాత గురువు విలియం డ్యూరండ్‌కు అప్పుడు శిష్యుడు గుర్తొచ్చారు. మూలపడిన టర్బైన్ పరిజ్ఞానం, కంప్రెసర్ల అనుభవం ఒకచోట చేరి, ఇంజిను పొగతో తిరిగే టర్బైన్‌తో ఇంజినులోకి గాలిని ఒత్తి పంపే టర్బో సూపర్‌చార్జర్ అయ్యాయి. 1918లో దాన్ని బిగించిన లిబర్టీ అనే విమాన ఇంజినును ట్రక్కు మీద కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి, 14 వేల అడుగుల ఎత్తుకు, తీసుకెళ్లి పరీక్షించారు. అక్కడి గాలిలోనూ అది నేల మీది బలాన్ని చూపింది.

అలాగని ఒకే కుర్చీని అంటిపెట్టుకుని ఉండమని నేను చెప్పను. నేను షాపు నుంచి డిజైన్‌కు, అక్కడి నుంచి సైటుకు మారాను. చివరికి ఎవరూ కోరుకోని ఫిర్యాదుల విభాగాన్ని అడిగి మరీ తీసుకున్నాను. నా చదువులో సగం అక్కడే జరిగింది. జీతం సంగతి కూడా దాచను. మధ్యలో వెళ్లిపోయిన నా మిత్రులు నాకంటే ఎక్కువ సంపాదించారు. ఇంటి అవసరాలు తొందరపెడుతున్నవారు, నేర్పేవారే లేని చోట చిక్కుకున్నవారు నిస్సంకోచంగా వెళ్లండి. నేర్పేవారు ఉన్నచోటు మాత్రం తొందరపడి వదులుకోకండి.

ఆ పంపును 19 ఏళ్ల తర్వాత ఓవర్‌హాల్ కోసం, అంటే విప్పి పూర్తిగా బాగుచేయడానికి, ఆపినప్పుడు నాతో కొత్తగా చేరిన ఒక ఇంజినీరు అమ్మాయి ఉంది. ఇత్తడి రేకు చూసి ఏమిటని అడిగింది, చెప్పాను. సరేనని ఊరుకోలేదు. యంత్రాన్ని ఆపకముందు నమోదు చేసిన ఉష్ణోగ్రతలు తెప్పించి చూసింది. మధ్యలో ఎప్పుడో ఆవిరి వైపు ఇన్సులేషన్ మార్చారట. ఆ భాగం ఇప్పుడు 40 డిగ్రీలే వేడెక్కుతోంది. అక్కడే కూర్చుని లెక్క వేసి, “సార్, 0.24 చాలు” అంది. మళ్లీ నేను వేసి చూశాను. ఆమె లెక్కే సరి. ఇప్పుడు ఆ బేస్‌ప్లేటు మీద రెండు రేకులున్నాయి.