తుపాకి వద్దంటే అంబులెన్స్ ఎక్కాడు

హోస్ట్: నమస్తే, హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాం. ములుగు వైపు 108 నడిపే అన్న మనతో ఉన్నారు. 108లో డ్రైవర్‌ని పైలట్ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తా. ఇవాళ జూలియన్ బెల్ గురించి చెప్పుకుందాం. 1937లో, స్పెయిన్ అంతర్యుద్ధంలో అంబులెన్స్ నడుపుతూ 29 ఏళ్లకే పోయాడు.

పైలట్: స్పెయిన్ పిల్లగాడేనా తమ్మీ?

హోస్ట్: కాదన్నా, ఇంగ్లండ్. తల్లి వెనెస్సా బెల్ చిత్రకారిణి. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ సొంత చిన్నమ్మ. కేంబ్రిడ్జ్‌లో చదివాడు, కవిత్వం రాశాడు, 1935లో చైనా వెళ్లి వుహాన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పాడు.

పైలట్: అంత సదువుకున్నోడికి యుద్ధంల ఏం పని?

హోస్ట్: అదే చిత్రం. చైనా వెళ్లిన ఏడాదే ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టం అని మొండికేసినవాళ్ల అనుభవాలు అందులో ఉంటాయి. అలాంటివాడు రెండేళ్లు తిరిగేసరికి ఫాసిస్టుల మీద పోరాడతానని లేచాడు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరూ రాజీకొచ్చారు. సైన్యంలో చేరడు, స్పెయిన్‌కు వైద్యసాయం పంపే బ్రిటిష్ సంస్థ స్పానిష్ మెడికల్ ఎయిడ్ వాళ్ల అంబులెన్స్ నడుపుతాడు.

పైలట్: (నవ్వుతూ) మా అమ్మ కూడా అంతే. లారీ వద్దు బిడ్డా, అంబులెన్స్ అయితే నయం అన్నది. లారీ అయితే నిద్రొస్తే ధాబా కాడ ఆపుకోవచ్చు. మాకు ఆపుడు ఎక్కడిది?

హోస్ట్: జూలియన్‌ని పంపింది బ్రునెటేకి. మాడ్రిడ్‌కు పడమరన ఉంటుంది. జూలై 6న రిపబ్లిక్ సైన్యం, అంటే ఫాసిస్టులతో పోరాడుతున్న ప్రభుత్వ సైన్యం, అక్కడ దాడి మొదలుపెట్టింది. మండే ఎండలు, పైన ఫాసిస్టుల వైపున్న జర్మన్ విమానాలు. కొద్ది రోజుల్లోనే అతని బండి బాంబు దెబ్బకు తుక్కయింది. మనిషికి ఏం కాలేదు. స్ట్రెచర్లు మోశాడు, మళ్లీ బండి దొరకగానే ఎక్కాడు.

పైలట్: తొడ ఎముక విరిగినోణ్ని తెస్తుంటే స్పీడ్ బ్రేకర్ కనబడ్డా నాకు టెన్షనే. బండిని జర ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం ఎక్కించి దించుతా. అయినా వెనుకనుంచి కేక వస్తది. పోయేటప్పుడు ఎంత ఉరికినా, వచ్చేటప్పుడు మెల్లగ రావాలె. మీద బాంబులు పడుతుంటే మెల్లగ ఎట్ల వస్తరు?

హోస్ట్: జూలై 18. యుద్ధం మొదలై సరిగ్గా ఏడాది. విల్లనువేవా దె లా కన్యాద దగ్గర బాంబు ముక్కలు తగిలి ఛాతీ ఛిద్రమైంది. ఎల్ ఎస్కోరియల్ ఆసుపత్రికి చేర్చారు, ఆ రోజే చనిపోయాడు. స్పెయిన్ చేరి నెల దాటిందేమో, అంతే.

పైలట్: మరి తల్లి?

హోస్ట్: కుప్పకూలిపోయింది. చెల్లెలు వర్జీనియానే దగ్గరుండి చూసుకుంది. నెలాఖరుకల్లా జూలియన్ జ్ఞాపకాలు రాసిపెట్టుకుంది కూడా. అతను ఎందుకు వెళ్లాడో ఆమెకు చివరిదాకా మింగుడుపడలేదు. మరుసటి ఏడాది యుద్ధానికి వ్యతిరేకంగా ఆమె తెచ్చిన పుస్తకం చదివితే, ఇంట్లో ఆగిపోయిన వాదన అక్కడ కొనసాగినట్టు ఉంటుంది. నాకైతే ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టబుద్ధి కాదు.

పైలట్: ఆ తల్లికి ఇంకా పిల్లలున్నరా?

హోస్ట్: ఉన్నారు. క్వెంటిన్, ఏంజెలికా. అన్న వ్యాసాలు, కవితలు, ఉత్తరాలు చేర్చి 1938లో పుస్తకం తెచ్చింది ఆ క్వెంటినే.

పైలట్: మేమూ రాస్తం తమ్మీ, లాగ్‌బుక్. కిలోమీటర్లు, టైము. గంతే.

హోస్ట్: ఆ లాగ్‌బుక్ పట్టుకుని రండన్నా, వచ్చే ఎపిసోడ్‌లో మేడారం జాతర డ్యూటీ సంగతులు మాట్లాడదాం.